గుడ్డ మీద గుడ్లు

ఉదయ్ భాస్కర్‌కి సుజాత మీద మొదటి రోజే అనుమానం పుట్టింది. ఆమె నవ్వితే బాగుంటుందన్నది సగం కారణం. మిగతా సగం ల్యాబ్ నడిపే రాంబాబు సార్ మాట. సీజన్ అయిపోయాక ల్యాబ్‌లో వాళ్లిద్దరిలో ఒకరినే ఉంచుతామనీ, ఎవరి పంజరాల్లో గుడ్లు ఎక్కువొస్తే ఉద్యోగం వాళ్లదేననీ ఆయన ముందే తేల్చేశాడు.

వైరా శివారులో ఉన్న ఆ ల్యాబ్‌లో శనగపచ్చ పురుగును పెంచుతారు. మందులు పరీక్షించాలంటే పురుగులు కావాలి కదా. రెక్కల పురుగుల్ని వల పంజరంలో వదిలి, లోపల నల్లగుడ్డ వేలాడదీస్తే దానిమీద గుడ్లు పెడతాయి. సుజాత గుడ్డల మీద గసగసాలు చల్లినట్టు గుడ్లు. ఉదయ్ గుడ్డల మీద ఏమీ లేవు.

పైగా ఓ సాయంత్రం ఆమె అతని గుడ్డల్నే బ్యాగులో కుక్కుకోవడం కళ్లారా చూశాడు. ఇల్లందు బస్సు దాకా వెంటపడ్డాడు. ఆమె కిటికీలోంచి చెయ్యి ఊపింది. దొంగకి ఇంత ధైర్యమా అని ఒళ్లు మండింది. మండుతూనే తనూ చెయ్యి ఊపాడు, సిగ్గులేనివాడు.

రెండ్రోజులు మథనపడి, పొద్దున్నే పంజరం కూడా చూడకుండా వెళ్లి సార్‌కి చెప్పేశాడు.

సార్ పిలిపిస్తే సుజాత వాదించలేదు. ఇద్దర్నీ ఉదయ్ పంజరం దగ్గరికే తీసుకెళ్లింది. గుడ్డ నిండా గుడ్లు.

“గంజి, సార్. గుడ్డ గరుకుగ ఉంటెనే పురుగు గుడ్లు పెడ్తది. ఈయన గుడ్డలు అట్టల లెక్కున్నయ్. ఇంటికి తీస్కపోయి, గంజి పోయేదాక పిండి నిన్న మళ్ల కట్టిన.”

ఉదయ్‌కి అప్పుడు వెలిగింది. ల్యాబ్ గుడ్డల్ని ఇంట్లో ఉతికించింది అతనే. ఆఫీసుకి పోయే గుడ్డ నలిగితే పరువు పోతుందని వాళ్లమ్మ పున్నమ్మ చొక్కాలతో పాటు వాటికీ చిక్కగా గంజి పెట్టింది.

ఆ సంగతి తనకే చెప్పొచ్చుగా అన్నాడు నీరసంగా.

“సార్ చెవిల పడితె మీ ఉద్యోగం పోతదని, చప్పుడు చెయ్యకుంట బాగుచేద్దామనుకున్న. మీరేమో నన్నడగకుండ సార్ దగ్గరికి ఉరికినరు.”

ఉదయ్ తప్పంతా తనదేనని ఒప్పుకుని, ఉద్యోగం ఆమెకే ఇమ్మన్నాడు. సార్ ఇచ్చేశాడు కూడా.

సాయంత్రం బస్టాండులో చినుకులు పడుతున్నాయి. ఉదయ్ ఆమె పక్కకి వచ్చాడు.

“నువ్వంటే నాకిష్టం సుజాతా. పెళ్లి చేసుకుందామా?”

సుజాత ఎగాదిగా చూసింది. “సార్‌కు చెప్పినవా?”

“లేదు. ముందు నిన్నే అడుగుతున్నా.”

“గిట్ల అడిగితె ఎప్పుడో చెప్తుంటి,” అన్నది సుజాత. “నాకూ ఇష్టమే.”