దాచకుండా చెప్పిన దురద

"ఈ నొప్పి మాత్ర మీకివ్వను," అంది మందుల షాపు అమ్మాయి.

వడ్రంగి వాచిన మణికట్టు పట్టుకుని ఆమెవైపు గుర్రుగా చూశాడు. ఆ చెయ్యి ఆడకపోతే రంపం కదలదు. రంపం కదలకపోతే శుక్రవారానికి ఇస్తానన్న అలమార పూర్తికాదు.

"పోయినసారిది వేసుకుంటే దద్దుర్లు లేచాయనేగా, వేరే పేరుది అడుగుతున్నాను!"

"పేరు వేరైనా ఒంట్లో అది చేసే పని ఒకటేనండీ. ఒకటి పడనివాళ్ళకి చాలాసార్లు ఆ జట్టులో మిగతావీ పడవు. అలర్జీ డాక్టరు దగ్గర పరీక్ష చేయించుకోండి."

"ఇది మందులమ్మే షాపా, మందలించే షాపా?"

పంతం కొద్దీ పక్కవీధి షాపుకెళ్ళాడు. "అలర్జీలేమైనా ఉన్నాయా?" అని వాళ్ళడిగితే, తడుముకోకుండా లేవన్నాడు. గంట తిరక్కుండా ఒళ్ళంతా దద్దుర్లు. కళ్ళు వాచి మూసుకుపోయాయి. వాళ్ళ అక్క తిట్టుకుంటూనే ఆస్పత్రికి పరుగు పెట్టించింది.

మర్నాడు ఆ మొహంతోనే తడుముకుంటూ మొదటి షాపు అమ్మాయి దగ్గరికి మెట్లెక్కాడు.

"సారీ చెబుదామని వచ్చానండీ. ఇంతకీ మీరు ఎదురుగానే ఉన్నారా?"

ఆమెకు నవ్వాగలేదు. ఆ నవ్వు వినగానే అతగాడి పని అయిపోయింది.

అప్పట్నుంచి రోజూ ఏదో ఒక వంక. ఒకరోజు దగ్గు బిళ్ళలు, మిగతా రోజులన్నీ దూది. ఆ దూదితో అక్క దిండే కుట్టేసింది. నెల తిరిగేసరికి ధైర్యం చేసి అడిగేశాడు.

"మీరంటే నాకు చాలా ఇష్టం. పెళ్ళి చేసుకుందామా?"

ఆమె ఇంకా వాపు తగ్గని అతడి మణికట్టు వైపు చూసింది. "వచ్చేవారం అలర్జీ డాక్టరు దగ్గర పరీక్షకి వెళ్తున్నారుగా, ఆ రోజు నేనూ క్లినిక్కి వస్తాను. అది సాఫీగా అయిపోతే అక్కడే చెబుతాను."

ఆ రోజు డాక్టరమ్మ వేరే రకం నొప్పి మాత్ర తీసి, ముందు పావు ముక్క ఇచ్చింది. గంట ఆగి మిగతాది. "ఎక్కడ కాస్త దురద పుట్టినా వెంటనే చెప్పాలి," అని మరీమరీ హెచ్చరించింది.

రెండు గంటలు గడిచాయి. మణికట్టు నొప్పి తగ్గింది. పక్కన ఆమె, ఎదురుగా అక్క. ఇంకో అరగంట గడిస్తే గట్టెక్కినట్టే.

సరిగ్గా అప్పుడే మెడ వెనక దురద మొదలైంది.

చెబితే పరీక్ష ఆగిపోతుంది, ఆమె జవాబూ ఆగిపోతుంది. చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది? పక్కవీధి షాపులో తాను తడుముకోకుండా చెప్పిన అబద్ధం గుర్తొచ్చింది. సిగ్గేసింది.

"డాక్టర్‌గారూ, మెడ మీద దురదగా ఉంది," అన్నాడు నీరసంగా.

డాక్టరమ్మ కాలరు వంచి పరీక్షగా చూసి, వేలితో దులిపింది. "దద్దురేం లేదు, రంపపు పొట్టు! అయినా ఇంకో గంట ఇక్కడే కూర్చోండి."

"పరీక్షకి కూడా పని చొక్కాతోనే వచ్చావట్రా!" అక్క తల పట్టుకుంది.

గంట గడిచింది. ఒంటిమీద ఒక్క దద్దురు లేదు. ఆ మాత్ర పడిందని డాక్టరమ్మ కార్డు మీద రాసిచ్చింది.

"మరి నా జవాబు?" అన్నాడు వడ్రంగి.

"మీరు దురద అని నోరు తెరిచినప్పుడే తేలిపోయింది. నాకోసం దాచేస్తారేమోనని ఎంత భయపడ్డానో తెలుసా?" ఆమె కళ్ళు చెమర్చాయి. "రేపు మా అమ్మానాన్నల్ని కలవడానికి రండి. కాలరు మాత్రం దులుపుకుని రండి."