ఉమ్మడి లాప్‌టాప్‌కి పరీక్ష

అంగారకుడి మీద ఏ వస్తువు మంచిదో చెప్పడానికి మనుషుల్ని నమ్మడం ఎప్పుడో మానేశారు. కుక్కర్ దగ్గర్నుంచి ఆక్సిజన్ పంపు దాకా ఏది కొనాలన్నా ముందు తృప్తిమాపకం ఒప్పుకోవాలి. అది తలకు కట్టుకునే మెత్తని పట్టీ. వస్తువు వాడుతున్నంతసేపూ మెదడులో కలిగే విసుగునీ హాయినీ కొలిచి నూటికి ఇన్ని అని మార్కులు వేస్తుంది. పైకి పొగిడి లోపల తిట్టుకునే మన బుద్ధికి అదే విరుగుడని కాలనీవాళ్ళ నమ్మకం. నిజమే, అది ఒక్కసారైనా అబద్ధం చెప్పిన పాపాన పోలేదు.

దాని ముందుకు తారకేశ్వరి తన లాప్‌టాప్‌ను తెచ్చింది. పాడైపోయిన రోవర్ బండ్ల రేకులూ తెరలూ బ్యాటరీలూ ఏరి కట్టిన చవక పెట్టె. దాన్ని నడిపే ఆపరేటింగ్ సిస్టమ్ పేరు 'ఉమ్మడి'. దాని మూలసంకేతం, అంటే సోర్స్ కోడ్, ఎవరైనా చూడొచ్చు, బాగుచేసుకోవచ్చు. పైసా ఇవ్వక్కర్లేదు.

ఆమె భర్త విశ్వపతి గ్రీన్‌హౌస్‌లో పనిచేసేవాడు. అక్కడి గాలిని నడిపే ఖరీదైన కంప్యూటర్ ఒకరోజు బిగుసుకుపోయింది. దాన్ని విప్పే హక్కు భూమ్మీద ఉన్న కంపెనీది. అనుమతి కోసం సందేశం పంపారు. జవాబు అంత దూరం నుంచి వచ్చేసరికి లోపల విశ్వపతికి ఊపిరి లేదు. తలుపు బయట నిలబడ్డ తారకేశ్వరికి చేతిలో విద్య ఉండి కూడా ఆ యంత్రంలో ఒక్క అక్షరం మార్చే దారి లేకపోయింది. ఆ ఏడుపులోంచి పుట్టింది ఉమ్మడి. లాప్‌టాప్ ఈ పరీక్షలో నెగ్గితే గ్రీన్‌హౌస్ లాంటి గాలిగదులన్నిటికీ ఉమ్మడినే పెడతామని కాలనీ మాట ఇచ్చింది.

పరీక్షాధికారి మస్తాన్ వలి ముందు కాలనీవాళ్ళ చేత వాడించాడు. ఉమ్మడిని కలిసి రాసినవాళ్ళకొక నియమం ఉంది. యంత్రం తెరవగానే 'ఇది ఉచితం, మీలాంటివాళ్ళే చేశారు' అని కనిపించాలి. అది చదవగానే మార్కులు చతికిలబడ్డాయి. తెర మసకన్నారు, మీటలు గట్టివన్నారు. ఒకాయనకైతే తలనొప్పే వచ్చింది.

"ఆ ఒక్క ముక్క తీసెయ్యండి మేడమ్, పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు గదా," అన్నాడు మస్తాన్ వలి మెల్లిగా.

ఆమెకు ఒళ్ళు మండింది. దాపరికం నా మొగుణ్ణి తినేసింది, మళ్ళీ నన్నే దాచమంటారా అని నిలదీసింది. జనానికి ఖరీదు పిచ్చి పట్టిందనీ అంది. ఇంకొక్క అవకాశం మిగిలింది. ఎవరెన్ని వేసినా తయారుచేసినవాళ్ళ మార్కే చివరి మాట. వాళ్ళకే నచ్చనిది ఇంకెవరికి నచ్చుతుంది?

పట్టీ కట్టించుకుని కూర్చుంది. ఎదురుగా రెండు యంత్రాలు పెట్టారు. ఒకటి ఆమెది. రెండోదాని మూత మీద ఆ కంపెనీ బంగారు ముద్ర. దాన్ని చూడగానే ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయినా పరీక్ష పరీక్షే గనక రెండిటి మీదా ఒకే పని చేసింది. రెండోదాని మీద కాసేపు ఎక్కువే ఉంది.

"పాపిష్టివాళ్ళు. చెయ్యడం మాత్రం బాగా చేస్తారండీ," అంది.

"మొదటిది యాభై ఎనిమిది. రెండోది తొంభై ఒకటి," అంది తృప్తిమాపకం.

మస్తాన్ వలి లేచి రెండోదాని మూత మీద ముద్రను గోటితో ఊడబెరికాడు. కింద పాత రోవర్ రేకు మీది గీతలు బయటపడ్డాయి.

"రెండూ మీవేనండి. మీ కోడ్ తెరిచే ఉంది గదా, అట్లాంటి పెట్టే ఇంకోటి కట్టి, పై రంగులు మార్చి ఆ ఉచితం ముక్క తీశానంతే. కాకిపిల్ల కాకికి ముద్దంటారు. ఆ ముద్దు ఎంతుందో తెలుసుకుని మార్కుల్లోంచి తీసెయ్యడానికి అందరికీ ఇట్లానే చేస్తాం. ఇట్లా తిరగబడుతుందని నేననుకోలేదమ్మా."

తారకేశ్వరి ఆ గీతల్ని వేలితో తడిమి చూసింది. అవమానం కంటే భయమెక్కువైంది. తనకే ఆ ఖరీదు పిచ్చి ఉంటే, ఇక ఎవరికి చెప్పాలి?

"ఉమ్మడి పేరున మొదటి మార్కును నమోదు చేయమంటారా?" అని అడిగింది తృప్తిమాపకం.

వద్దంటే ఆగేదే. కానీ ఆమె తల వంచుకుని, "చెయ్యి. నా మనసు అన్నమాటే గదా," అంది. ఆ తర్వాత ఏడ్చింది.

ఆ యాభై ఎనిమిది చాలలేదు. గాలిగదులన్నిటికీ మళ్ళీ కంపెనీ కంప్యూటర్లే వచ్చాయి. వాటిని బిగించే పని తెలిసినవాళ్ళు కాలనీలో ఎక్కువమంది లేరు. అందుకని తారకేశ్వరికే కబురు పెట్టారు. ఆమె వెళ్ళి బిగించింది.