పదకొండో నంబరు ఇంట్లో చేతులు

మా ఎల్క్ లెడ్జ్ ఇళ్ళ వరసలో పదకొండో నంబరు ఇంటి ముందు పొద్దుగూకాక ఎవరూ ఆగేవారు కాదు. కుక్కల్ని తిప్పేవాళ్ళు పదో నంబరు దగ్గరే వెనక్కి తిరిగేవారు. కుక్క రానంటోందని చెప్పేవారు గానీ, నేను చూశాను — వెనక్కి లాగేది కుక్క కాదు.

ఆ చోటికి చెడ్డపేరు ఆ ఇళ్ళు లేవకముందు నించీ ఉంది. మా కొండ ఊరు కాపర్‌హార్న్‌లో వెండి గనులు నడిచిన రోజుల్లో అక్కడ ఐనో అనే ఫిన్లాండువాడి గుడిసె ఉండేదట. ఊళ్ళో అందరి గుమ్మాల ముందూ మంచు ఎత్తిపోసి, వాళ్ళు పెట్టింది తిని బతికేవాడు. ఒక తుఫాను రాత్రి... తన గుమ్మం ముందే గడ్డకట్టుకుపోయాడు. తెల్లారి చూస్తే చేతిలో పార అలాగే ఉంది. కుడిచేతికి తోలు తొడుగు ఉంది.

ఎడమచేతిది లేదు. మంచు కరిగాక కూడా ఎంత వెతికినా దొరకలేదు.

అప్పటినించి రాత్రిపూట అక్కడ ఒక చల్లటి చెయ్యి తడుముకుంటూ తిరుగుతుందని చెప్పుకుంటారు. నేను కాలేజీలో భూగర్భశాస్త్రం చదివినవాణ్ణి, నమ్మకూడదు. రాళ్ళు కొలుద్దామని ఈ కొండలకి వచ్చి, మంచుమీద జారేవాళ్ళని కొండెక్కించే స్కీ లిఫ్టులకి గ్రీజు పూస్తూ నలభై ఏళ్ళు గడిపేశాను. రాళ్ళు చెక్కుచెదరలేదు, నా మోకాలే అరిగిపోయింది. అది వేరే కథ.

ఆ గుడిసె ఉన్నచోటే ఆరేళ్ళ కిందట పదకొండు టౌన్‌హోములు కట్టారు. గోడకి గోడ ఆనుకుని మూడేసి అంతస్తులు. చలికాచుకోడానికి నిలువెత్తు రాతి పొయ్యి, అరికాలికి వెచ్చగా తగిలే నేల, వెనక వసారాలో వేడినీళ్ళ తొట్టి. గుమ్మం దిగితే స్కీ దారి. కొన్నవాళ్ళంతా ఎక్కడెక్కడో ఉంటారు. క్రిస్మస్‌కి ఓ వారం దీపాలు వెలుగుతాయి, మిగతా ఏడాదంతా ఆ వరస వరసే చీకటి. లిఫ్టు పని మానాక ఆ ఇళ్ళ కాపలా నాకిచ్చారు. నీళ్ళ గొట్టాలు గడ్డకట్టాయేమో చూసుకుంటూ, తాళాలగుత్తి పట్టుకుని ఒక్కణ్ణే తిరిగేవాణ్ణి.

పది ఇళ్ళు అమ్ముడుపోయాయి. పదకొండోది మాత్రం...

కొనేముందు ఒక రాత్రి పడుకుని చూడమనడం ఇళ్ళమ్మే ఏజెంటు ట్రెంట్ పెట్టిన పద్ధతి. ఆ పద్ధతే అతని కొంప ముంచింది. మొదట టెక్సాస్ నించి పళ్ళ డాక్టరొచ్చాడు. రాత్రి ఒంటిగంటకి ఒక కాలికే బూటుతో కారెక్కాడు. తర్వాత షికాగో దంపతులు — వంటింటి ఓవెన్లో కోడిని పెట్టి అలాగే వదిలేసి పోయారు. ఆ కోడి బ్రహ్మాండంగా వేగింది, అదెలా తెలుసని అడక్కండి. మూడోసారి ఒక లాయరమ్మ. ఎవరెన్ని అడిగినా ఆవిడ నోట ఒక్కటే మాట.

"చేతులు..."

ఇంటి ధర ఏటికేడాది ఎండలో మంచులా దిగిపోయింది. దిగి దిగి, ఒకనాటికి మా నోరీన్‌కి అందేటంత కిందికి వచ్చింది.

నోరీన్ మా ఊరి బేకరీ నడుపుతుంది. ఇరవై ఆరేళ్ళుగా ఊరందరికీ పొద్దున్నే రొట్టె పెట్టిన మనిషి, తను మాత్రం ఒకరింటి నేలమాళిగలో అద్దెకుండేది. ఆ ఇంటాయన దాన్ని టూరిస్టులకి ఇచ్చుకుంటానని నెలాఖరుకి ఖాళీ చెయ్యమన్నాడు. ఊళ్ళో ఇంకో గది లేదు. కొండ కనుమ దాటి అవతలి పల్లెకి పోవాలి. చలికాలంలో కనుమ మూసేస్తారు. తెల్లవారుజామున మూడింటికి బేకరీకి రాలేకపోతే ఇక బేకరీ ఎక్కడిది?

వాళ్ళమ్మ వదిలివెళ్ళిన పొలం అమ్మింది. బ్యాంకు సరేనంది. అంతా బాగానే ఉంది — ఆవిడకి దెయ్యమంటే ప్రాణభయం, అదొక్కటే చిక్కు.

"మేడమ్, మీరు నాన్చితే కుదరదు," అన్నాడు ట్రెంట్. "సోమవారం వేరే పార్టీ వస్తున్నారు. వాళ్ళకి దెయ్యం పట్టింపు లేదు. పైగా బోర్డు మీద దెయ్యం బొమ్మ వేయించి రోజువారీ అద్దెకిస్తారట."

నోరీన్ నావైపు తిరిగింది. "వర్జిల్, నువ్వు రోజూ ఆ ఇంట్లో తిరుగుతావు. నా మొహం చూసి చెప్పు. ఉందా, లేదా?"

"నాకైతే ఏమీ కనబడలేదు," అన్నాను.

"నీకు కళ్ళద్దాల్లేకపోతే కాఫీ కప్పే కనబడదు!" అంది. "సరే, శనివారం రాత్రి పడుకుంటాను. మూడింటిదాకా ఆ ఇంట్లో నిలబడగలిగితే సంతకం పెడతాను. లేకపోతే... కనుమ అవతలికే."

ఇక ఆ రాత్రి జరిగింది ఆమె నోట విన్నదే. బేకరీ బల్ల దగ్గర ఊరందరికీ చెప్పింది, నాకు మూడుసార్లు చెప్పింది.

పదిగంటలకి మేడమీద దీపాలన్నీ వేసుకుని, పక్కన బేకరీ నించి తెచ్చుకున్న పిండి వత్తే కర్ర పెట్టుకుని పడుకుంది. పదకొండయింది. పన్నెండయింది. బయట మంచు పడుతూనే ఉంది... చప్పుడు లేదు. భయపడటానికి ఏమీ లేదే అనుకుని కళ్ళు మూసింది.

సరిగ్గా ఒంటిగంటకి — కింద ఎవరో ఊపిరి పీల్చారు.

హూ...

పీల్చడమే గాని, వదలడం లేదు. ఒకే ఊపిరి. ఎంతసేపటికీ ఆగని ఊపిరి.

నోరీన్ లేచింది. కారు తాళాలు చేతిలోకి తీసుకుంది. మెట్లు దిగింది. వీధి తలుపు ఎదురుగానే ఉంది, తీస్తే బయటపడొచ్చు. కానీ తలుపు తీసిందంటే కనుమ అవతలే. బేకరీకి తాళమే. పక్కనే బూట్లు విప్పుకునే గది. ఊపిరి అక్కణ్ణించే వస్తోంది...

తాళాలు జేబులో వేసుకుంది. పిండి కర్ర ఎత్తి పట్టుకుని, ఆ గది తలుపు తోసింది.

చీకటి. చిన్న కిటికీలోంచి మంచు తెలుపు మాత్రం మసగ్గా.

ఆ మసక వెలుతుర్లో ఒక చెయ్యి లేచింది.

వాలిపోయి ఉన్న వేళ్ళు మెల్లగా... ఒక్కొక్కటే... నిక్కాయి. దాని పక్కన ఇంకో చెయ్యి. మూడోది. నాలుగోది. ఐదోది అన్నిటికంటే ఆలస్యంగా, బరువుగా లేచింది. ఐదు చేతులూ వేళ్ళు చాపుకుని, రా రమ్మన్నట్టు ఊగుతున్నాయి.

నోరీన్ పారిపోదామనే అనుకుందట. కాళ్ళు కదల్లేదు. నోరు మాత్రం కదిలింది. ఇరవై ఆరేళ్ళు కౌంటరు దగ్గర నిలబడ్డ నోరు కదా! కొత్తగా ఇంట్లో దిగినప్పుడు పొరుగువాళ్ళకి చెయ్యి కలిపి పేరు చెప్పుకోవడం మా ఊరి మర్యాద. ఏం చేస్తోందో తనకే తెలియకుండా, మొదటి చెయ్యి పట్టుకుని ఊపేసింది.

"నా పేరు నోరీన్," అని గొణిగింది. "ఇకమీదట... నేనిక్కడే ఉంటానండీ."

చెయ్యి వెచ్చగా ఉంది. నొక్కితే — లోపల ఏమీ లేదు. గాలి.

గోడ తడిమి దీపం వేసింది. నేలమీద ఒక పెట్టె, దానికి నిలువు గొట్టాలు. తడిసిన చేతితొడుగులు ఆరబెట్టే యంత్రం. ఒంటిగంటకి దానంతటదే మొదలై, కిందనించి వేడిగాలి కొడుతోంది. గాలికి తొడుగులు ఉబ్బి వేళ్ళు చాపుతున్నాయి. ఇరవై ఆరేళ్ళలో ఒక్కసారీ స్కీ చెయ్యని మనిషి, ఆవిడకి ఆ యంత్రమెలా తెలుస్తుంది? అక్కడే నేలమీద కూలబడి నవ్విందట, కళ్ళనీళ్ళొచ్చేదాకా.

ఆ ఉదయం బేకరీలో నేను కాఫీకి నిలబడితే, నా ముందు టప్‌మని ఒక మూట పడేసింది.

తొడుగులు. లోపల అంచున చెరిగిపోని సిరాతో నా పేరు.

"నీకు ఏమీ కనబడలేదా, ముసలి నక్కా?"

ఒప్పుకున్నాను. ఏం చెయ్యను? మా ఇంట్లో ఆ యంత్రం లేదు. ఖాళీ ఇల్లేగదా అని నా రెండు జతలూ అక్కడ తగిలించి, తెల్లారి వెచ్చగా తొడుక్కుపోయేవాణ్ణి. పళ్ళ డాక్టరు పారిపోయినప్పుడు నాకు నిజంగా తెలియదు. కోడి వాళ్ళప్పుడు అనుమానమొచ్చింది. లాయరమ్మప్పుడు... నిజం చెప్పాలంటే, యంత్రం ఒంటిగంటకే మొదలయ్యేట్టు గంట సరిచూసుకున్నాను. ఆ వరసలో ఒక్క కిటికీలోనైనా ఏడాది పొడుగునా దీపముండాలని నా ఆశ. ధర దిగనీ, మనవాళ్ళెవరైనా కొంటారు అనుకున్నాను. శనివారం అవి తీసేద్దామనే బయల్దేరాను. తోవలో మరిచిపోయాను. డెబ్బై ఎనిమిదేళ్ళొచ్చాయి నాకు.

"నువ్వు పారిపోయుంటే నా పాపం నన్ను కొట్టేది," అన్నాను.

"కొట్టేదాన్ని నేనే," అని పిండి కర్ర చూపించింది. అప్పుడే మూటలోంచి ఇంకోటి తీసింది. "నీవి నాలుగు. మరి ఈ ఐదోదెవరిది?"

తోలుది. నల్లబడిపోయింది. జింక నరంతో చేతికుట్టు. ఎడమచేతిది.

"నాది కాదు," అన్నాను.

"చాల్లే, ఇంకా అబద్ధాలా!" అని నవ్వేసింది. ఆ సోమవారం పొద్దున్నే సంతకం పెట్టేసింది.

ఇది జరిగి రెండు చలికాలాలయింది. ఆ తొడుగు పారెయ్యడానికి చేతులు రాలేదట, ఆ గొట్టం మీదే ఉంచింది. రాత్రంతా వేడిగాలి తగిలినా, మంచు పడిన రోజు పొద్దున్న మాత్రం అది తడితడిగా ఉంటుందంటుంది. పాత తోలు కదా, చెమ్మ లాగుతుందిలే అన్నాను.

నిన్నా రెండడుగుల మంచు పడింది. మంచు పడ్డప్పుడల్లా చేసినట్టే, బేకరీలో నాకో దాల్చినచెక్క బన్ను కాగితంలో చుట్టి ఇచ్చింది.

"నేను లేచేసరికే మంచు ఎత్తిపోసి మెట్లన్నీ అద్దంలా ఊడ్చిపెట్టావు. ఆ మోకాలితో ఎందుకయ్యా వర్జిల్ నీకీ శ్రమ? నీ బాకీ ఎప్పుడో తీరిపోయిందిగా!"

బన్ను అందుకున్నాను.

నేను పార పట్టడం మానేసి మూడేళ్ళయింది.

సగం బన్ను నేను తింటాను. మిగతా సగం, ఇంటికి పోతూ పదకొండో నంబరు మెట్ల మూల పెట్టి వస్తాను. కష్టపడ్డవాడికి కూలి ముట్టాలి కదా.