మెట్ల కింద మాస్టారు

ఆ రికార్డింగ్ గది పేరెత్తితే మా వాయిద్యాల వాళ్లలో సగం మంది మాట మార్చేస్తారు.

పగలు ఏమీ ఉండదు. పాత భవనం. వీధిలోంచి కిందికి దిగే ఇరుకు మెట్లు, అడుగున మందపాటి తలుపు. ఒకప్పుడు అది బట్టల గోదాము. గోడలకి దూది దట్టించి, పైన నల్లగుడ్డ కొట్టి, పాటలు రికార్డు చేసే చోటుగా మార్చారు. పగలంతా మేమందరం అక్కడే ఉంటాం. వాయించుకుంటూ, కాఫీలు తాగుతూ, అక్కడ లేనివాళ్ల మీద చెప్పుకుంటూ.

చీకటి పడి, అందరం వెళ్లిపోయి, మెట్ల మీద దీపం ఆరిపోయాక... అప్పుడు మొదలయ్యేదట.

ముందు చెవికి వినిపించేది కాదట. అరికాళ్లకి తెలిసేదట. ఎదురు కాఫీకొట్టు ఆవిడ కొట్టు కట్టేసేముందు కప్పులు బోర్లిస్తుంటే, ఎవరూ ముట్టుకోకుండానే అవి సాసర్ల మీద సన్నగా వణికేవని చెప్పింది. కాపలా మనిషి పైమెట్టు పక్కన కుర్చీ వేసుకుని, తెల్లారేదాకా వీధివైపే చూస్తూ కూర్చునేవాడు. కిందికి చూసేవాడు కాదు.

అడిగితే ఒకటే మాట — "కింద మాస్టారు ఉన్నారు."

మాస్టారంటే మా బేస్ గిటార్ మాస్టారు. పోయి అప్పటికే ఏడాది దాటింది.

బేస్ గిటార్ సంగతి తెలియనివాళ్లకి ఒక్క ముక్క చెప్పాలి. నాలుగే తీగలు, లావుపాటివి. పాటలో అది ఉన్నట్టు ఎవరూ పట్టించుకోరు గానీ, తీసేస్తే పాట కాళ్లిరిగినట్టు కూలబడుతుంది. అదే తీగ, అదే స్వరం... అయినా ఒక్కొక్కరి వేలికింద ఒక్కో గొంతు పలుకుతుంది. దాన్నే మేం టోన్ అంటాం. మాస్టారి టోన్ ఎలా ఉండేదంటే, పడుకున్నవాళ్లు లేవకుండా బరువైన తలుపేదో మెల్లగా దగ్గరికి వేసినట్టుండేది. సంగీతం ముక్క తెలియనివాళ్లు కూడా, పాట మొదలవగానే "ఇది ఆయనే" అనేసేవాళ్లు.

ఆయనకి ఊపిరితిత్తుల జబ్బు చేసింది. నెమ్మదిగా తిని తీసుకుపోయింది.

ఆయన చోట్లో ఆయన బావమరిదిని కూర్చోబెట్టారు. మాస్టారి భార్యకి తమ్ముడు. నేర్చుకున్నదీ మాస్టారి దగ్గరే. ఈ కథ నాకు చెప్పింది అతనే. అతనికీ ఓ పేరుంది గానీ, మాలో ఎవరికీ దాని అవసరం పడలేదు. మాస్టారికి బావమరిది కాబట్టి ఊరందరికీ బావమరిదే.

వేలు మంచిది. లయ తప్పడు. పాట అయ్యాక అందరూ బాగుందనేవాళ్లు. "బాగుంది, కానీ..." అని ఆపేసేవాళ్లు. ఆ 'కానీ' అతన్ని చీడపురుగులా తొలిచేసింది. మాస్టారు వాడిన రకం తీగలే తెచ్చి వేసుకున్నాడు. ఆయనలాగే తీగల కింద చిన్న గుడ్డముక్క దోపాడు. గోళ్లు చిగురుకంటా కత్తిరించుకున్నాడు. పులిని చూసి నక్క వాతలు పెట్టుకుందని వెనకాల నవ్వారు. ఆ నవ్విన వాళ్లలో వయొలిన్ వాయించే నేనూ ఉన్నాను.

తర్వాత ఒక పాట బయటికొచ్చింది.

విన్నవాళ్లందరూ నోళ్లు వెళ్లబెట్టారు. మాస్టారే లేచొచ్చి వాయించినట్టుంది. ఆ తర్వాతి పాటా అంతే, ఆపై పాటా అంతే. ఇన్నాళ్లూ నవ్విన నోళ్లే వచ్చి అతని భుజం తట్టాయి. ఎవరో పెద్దాయన అతని వేళ్లు కళ్లకద్దుకున్నాడు. అతనైతే గాల్లో తేలాడు. "బావ నా చేతుల్లోకి వచ్చాడు," అని కనిపించిన ప్రతివాడికీ చెప్పుకున్నాడు.

ఒక్క సంగతే అతనికి మింగుడు పడలేదు. వాయిస్తున్నప్పుడు తన చెవికి ఆ గొంతు వినిపించేది కాదు. వాయించేటప్పుడు తనదే, పాట బయటికొస్తే మాత్రం బావది. బహుశా బావ రాత్రుళ్లు వచ్చి ఏదో చేసి వెళ్తున్నాడనుకున్నాడు. భయం కంటే కృతజ్ఞతే ఎక్కువగా ఉండేదట. ఒక్కసారి కనిపిస్తే కాళ్లకి దండం పెట్టాలనుకున్నాడు.

ఒకరోజు పొద్దంతా కొత్త పాటొకటి రికార్డు చేసి, ఇంటికి వెళ్లినట్టే వెళ్లి, రాత్రి మళ్లీ వచ్చాడు.

కాపలా మనిషి చెయ్యి పట్టుకుని ఆపాడు. వద్దు బాబూ, ఇప్పుడే మొదలైంది అన్నాడు గుసగుసగా. అతను విడిపించుకుని మెట్లు దిగాడు.

నిజమే... ముందు అరికాళ్లకే తెలిసింది. చెప్పుల్లోంచి, పిక్కల్లోంచి, మోకాళ్లదాకా పాకింది. మెట్లు దిగేకొద్దీ అది స్వరమైంది. స్వరాలు కలిసి పాటయ్యాయి.

ఆ పాట పోల్చుకోగానే అతను మెట్టు మీదే ఆగిపోయాడు.

పొద్దున తను వాయించిన పాటే. ఆ పాట బాణీ కట్టిందే నిన్నగాక మొన్న. మాస్టారు బతికుండగా అది పుట్టనే లేదు. అయినా వాయిస్తున్నది ఆయనే — ఆ గొంతు ఇంకెవరికీ లేదు. రెండో చరణంలో తను ఒక చోట రవ్వంత తడబడ్డాడు. సరిగ్గా అక్కడే...

చచ్చిపోయిన మనిషి కూడా తడబడ్డాడు.

కాళ్లు వెనక్కి రమ్మన్నాయి, చెయ్యి మాత్రం తలుపు మీద పడింది. తలుపుకున్న చిన్న అద్దంలోంచి లోపలికి చూశాడు. చీకటి. మూలన స్టాండు మీద మాస్టారి గిటార్. దాని మీద సన్నటి ఎర్రదీపం వెలుగు. తీగలు కదలడం లేదు. గది మాత్రం మోగుతోంది.

పెద్ద స్పీకరుకి చెంప ఆనించుకుని, నేలమీద ఎవరో కూర్చుని ఉన్నారు. తల ముసుగేసి ఉంది.

బావా, అందామనుకున్నాడు. తలుపు తోశాడు.

"తలుపెయ్యి. సౌండు పైకెళ్తుంది."

ఆ గొంతు ముసుగు మనిషిది కాదు. పక్కన మెషీన్ల వెనకాల కూర్చున్న రికార్డింగ్ ఇంజనీరుది. అతను ఇతన్ని పోల్చుకున్నాడు. ఇక దాచి లాభం లేదనుకుని చెప్పేశాడు. జబ్బు సంగతి తెలిశాక మాస్టారిని కూర్చోబెట్టి, ఆ గిటార్ మీద పలికే ప్రతి స్వరాన్నీ విడివిడిగా వాయింపజేసి, రికార్డు చేసి దాచారట. మెల్లగా మీటినవీ, గట్టిగా మీటినవీ. ఇప్పుడు పగలు బావమరిది వాయించి వెళ్తాడు. రాత్రి మెషీన్ అతని స్వరాన్ని ఒక్కొక్కటే పీకేసి, అదే చోట, అదే లయలో, మాస్టారి స్వరం పెడుతుంది. సరిగ్గా కూర్చుందో లేదోనని పెద్ద సౌండు పెట్టి వింటారు. జనానికి ఆ టోనే కావాలి మరి.

"నేను వాయించినవి?" అని అడిగాడు.

"తీసేసినవి దాచుకుంటామా?"

మళ్లీ ఇంజనీరే అందుకున్నాడు. నువ్వు లేకపోతే ఇదేదీ లేదు, నడక నీదే, మాస్టారికి గొంతుంది గానీ కాళ్లు లేవు అన్నాడు. ఓదార్చాననే అనుకున్నాడు పాపం.

పాట ఆగింది. ముసుగు మనిషి తల ఎత్తింది.

అక్క.

మాస్టారి స్వరాలు ఇలా వాడుకోవడానికి ఒప్పుకోమని రికార్డింగ్ వాళ్లు అడిగినప్పుడు, ఆవిడ ఒకటే కోరిందట. పెట్టి వినే ప్రతి రాత్రీ తనని రానివ్వాలని. వెనకసందు తలుపులోంచి ఇంజనీరుతోపాటే వచ్చి, అలాగే వెళ్లేది.

"నీకు చెబితే మానేస్తావని చెప్పలేదురా," అంది మెల్లగా. "నువ్వు మానేస్తే ఆయనకి వాయించడానికి ఉండదు."

అతను మాస్టారి గిటార్ వైపు చూశాడట. విరగ్గొట్టాలనిపించిందట, నిజంగానే. ఒక అడుగు వేశాడు కూడా. అక్క అడ్డురాలేదు, అరవలేదు. స్పీకరుకి మళ్లీ చెంప ఆనించి, ఇంకోసారి పెట్టమని ఇంజనీరుకి చెయ్యి ఊపింది. అంతే. అతను వేసిన అడుగు వెనక్కి తీసుకున్నాడు.

మర్నాడు పనిలోకి వచ్చాడు. ఆ తర్వాతా వస్తూనే ఉన్నాడు. టోన్ బాగుందని ఎవరైనా అంటే తల ఊపి ఊరుకుంటాడు. రాత్రుళ్లు అక్కని ఇంటికి దిగబెట్టే పని కూడా తనే పెట్టుకున్నాడు.

మొన్నీమధ్య ఒకరోజు అతనికి జ్వరం. ఒళ్లు కాలిపోతున్నా వచ్చి, వణికే వేళ్లతోనే వాయించి వెళ్లాడు. ఎవరికీ చెప్పలేదు. రాత్రి మళ్లీ వచ్చి, అక్కని తీసుకుని నడుస్తున్నాడు. దుప్పటి కప్పుకుని, దీపాలు లేని వీధిలో.

ఇంటి మలుపు దగ్గర అక్క ఆగింది. అతని మొహం వైపు చూడలేదు.

"ఇవాళ మీ బావకి ఒంట్లో బాగున్నట్టు లేదురా... గమనించావా?"

"అవునక్కా," అన్నాడు.