తెడ్డు మీద ఖర్జూరం

"మీకు మాటలొస్తాయా?"

ఆరిఫా నన్ను అడిగిన మొదటి ప్రశ్న అది. అదీ మా ఇద్దరి మధ్య కోటగోడలా కూర్చున్న వాళ్ల బావ ఖయ్యూమ్ భుజం మీదుగా.

నా తప్పేముంది? సౌదీలో రాస్ తనూరా నుంచి దమ్మామ్ దాకా, కార్లో నన్ను దింపి వెళ్లిన నా రూమ్మేట్ అనీస్‌ది ఒకటే పాట. "ఖాదరూ, పిల్ల హాస్పిటల్లో ల్యాబ్ టెక్నీషియన్. కడప యాస తీయొద్దు. డీసెంట్‌గా ఉండు." అందుకే పెళ్లిచూపుల్లో ఇంతసేపూ "యెస్", "నో", "థాంక్యూ" తప్ప నా నోట మాట రాలేదు.

అది జపాన్ వాళ్ల బొగ్గుల హోటల్. బల్ల అవతల నిప్పుల మీద పుల్లలకు గుచ్చిన చికెన్ కాలుతోంది. తలకు గుడ్డ కట్టుకున్న ఫిలిప్పీన్స్ వంటాయన వడ్డించడానికి కూర్చున్న చోటు కదలడు. ప్లేటును పొడవాటి చెక్క తెడ్డు మీద పెట్టి, నిప్పుల మీదుగా మా ముందుకు చాపుతాడు.

ఖయ్యూమ్ ఖర్జూరాల డబ్బా ఆరిఫా ముందు పెట్టాడు. "తినేసినాక ఏ సంగతో చెప్పాల మా. సరేనంటే ఈడనే అబ్బికి నోరు తీపి చేసి ఖాయం చేసుకుందాం. వద్దంటే రేపు జెద్దా డాక్టర్ సంబంధానికి ఫోన్ చేస్తా."

నేను చికెన్ పుల్ల ప్లేట్లో పెట్టేశాను. ఆరిఫా నన్నొకసారి చూసి, ఆవులింత ఆపుకుంది. అంత అందమైన ఆవులింత నేనెక్కడా చూడలేదు. అయినా ఆవులింత ఆవులింతే కదా!

వంటాయన ఇంకేదో తేవడానికి లోపలికెళ్లాడు. నిప్పులు బూడిద కప్పుకుంటున్నాయి. మా నాయనది కడపలో కబాబుల బండి. చల్లారే బొగ్గుల్ని చూస్తూ ఊరకుండటం నా వల్లయ్యే పని కాదు. బల్ల అంచున విసనకర్ర కనపడింది. లేచి, అందుకుని, బలంకొద్దీ విసిరాను.

"నో సర్! నో!" అంటూ వంటాయన పరుగెత్తుకొచ్చాడు.

అప్పటికే బూడిదంతా లేచి ఖయ్యూమ్ మొహాన పడింది. నల్లటి గడ్డం నిమిషంలో తెల్లబడింది.

"అయ్యో అన్నా! కండ్లు తుడుచుకో! బొగ్గులు సచ్చిపోతాండాయని ఇసిర్నా! మా నాయన జూసింటే తోలు తీసేటోడు!" కడప కడపంతా నా నోట్లోంచి బయటికొచ్చేసింది.

పకపకా నవ్వు వినపడింది. ఆరిఫా! దుపట్టా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కళ్లలో నీళ్లు తిరిగేలా నవ్వుతోంది.

"ఇంతసేపూ యాడ దాపెట్టినారబ్బా ఈ మనిషిని?"

అచ్చం మా ఊరి యాస! ఆమెది ప్రొద్దుటూరని మరిచేపోయాను.

"డీసెంట్‌గా ఉండమన్యాడు మా అనీస్ గాడు."

"వాన్ని దెచ్చి ఈ నిప్పుల మింద కూచోబెట్టండి!"

"నా గడ్డం సంగతేంది?" ఖయ్యూమ్ లేచి నిలబడ్డాడు. "పదమ్మా, పోదాం. జెద్దాకే ఫోన్ చేస్తా."

నా పని అయిపోయిందనుకున్నాను.

ఆరిఫా లేవలేదు. వంటాయనకు సైగ చేసింది. ఆయన అయోమయంగా తెడ్డు చాపాడు. ఆమె డబ్బా తెరిచి, ఒక ఖర్జూరం తీసి దాని మీద పెట్టి, వేలితో నా వైపు చూపించింది.

తెడ్డు నిప్పుల మీదుగా తిరిగి నా ముందు ఆగింది.

"ఏందిది?" అన్నాడు ఖయ్యూమ్.

"తినేసినాక చెప్పమన్యావు కదా బావా," అంది ఆరిఫా, బుగ్గలు ఎర్రబడుతుండగా. "చెప్పినా."

ఖయ్యూమ్ ఆమెను చూశాడు, నన్ను చూశాడు, గడ్డం దులుపుకున్నాడు. నా చేతిలోని విసనకర్ర లాక్కుని చంకలో పెట్టుకున్నాడు.

"తినబ్బీ! ఇంకా ఏం జూస్తాండావు?"

గింజతో సహా మింగేశాను.