మాడిన జీలకర్ర

లెక్కల పీరియడ్ ఇంకా అయిపోలేదు. కానీ ఆ రోజు భోజనంలో ఏముందో ఐదో తరగతి సుస్మితకు ముక్కే చెప్పేసింది. వరండా చివరున్న వంటగదిలోంచి సాంబారు వాసన వస్తోంది. సాంబారుతో పేచీ లేదు. అందులో సొరకాయ ఉంది, అదీ గొడవ.

"అయిపోయాన్రా బాబూ," అనుకుంది సుస్మిత.

సొరకాయ ఆ పిల్లకు పడదు. పడదంటే ఊరికే మూతి ముడుచుకోవడం కాదు. ఆ మెత్తటి ముక్క నాలుక మీద జారుతుంటే కడుపులో దేవుతుంది, కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి. మిగతావన్నీ తింటుంది. కాకరకాయ తింటుంది, తోటకూర తింటుంది, ఉలవచారైతే జుర్రుకుంటుంది. అయినా సరే, ఇంట్లో ఆ పిల్లకు "వంకల మహారాణి" అని పేరు పెట్టేశారు. వాళ్ళ నాన్న వంకాయ ముట్టడు. ఆయన తినకపోతే, "ఆయనకు పడదు" అంటారు. సుస్మిత తినకపోతే, "దీనికన్నీ వంకలే" అంటారు. ఇదెక్కడి న్యాయమో మీరే చెప్పండి.

"నాకు ఇష్టం లేదమ్మా" అంటే వాళ్ళమ్మ రామతులసి వినదు. "పెట్టింది తిను. తినకుండా లేచావో, చూడు!" అంటుంది. కానీ ఒకసారి కూరలో నిజంగానే వెంట్రుక వచ్చింది. అమ్మ మారుమాట లేకుండా కంచం తీసేసి, పెరుగన్నం కలిపి పెట్టింది. సుస్మిత ఆ సంగతి మర్చిపోలేదు. తర్వాత రెండుసార్లు, రాని వెంట్రుకను కూడా వచ్చిందని చెప్పింది. రెండుసార్లూ పెరుగన్నమే దొరికింది.

బళ్ళో మాత్రం ఆ అవసరం ఎప్పుడూ రాలేదు. ఎందుకంటే అక్కడ నాంచారమ్మ ఉంది.

ఉయ్యూరుకి దగ్గర్లో చిన్న ఊరు అది. బళ్ళో అరవై రెండు మంది పిల్లలు. వాళ్ళందరికీ మధ్యాహ్నం వండి వడ్డించేది నాంచారమ్మే. సముద్రం పక్క ఊళ్ళో పుట్టి, పెళ్ళయి ఇక్కడికొచ్చింది. పిల్లలు ఆయమ్మా అని పిలుస్తారు. గొంతు పెద్దది, కోపమూ పెద్దదే. కానీ ఏ పిల్లకి కారం తగిలితే ఎక్కిళ్ళొస్తాయో, ఏ పిల్లాడు గుడ్డులో పచ్చసొన వదిలేస్తాడో ఆమెకు తెలుసు. సొరకాయ సాంబారు రోజున సుస్మిత ప్లేటు ముందుకొస్తే, గరిట అంచుతో ముక్కల్ని పక్కకు నెట్టి ఉత్త పులుసు పోసేది. ఎందుకని అడిగేది కాదు. వేలెత్తి చూపి నలుగురిలో నవ్వులపాలు చేసేదీ కాదు. మూడేళ్ళుగా అలాగే జరుగుతోంది.

ఆ రోజు వడ్డన దగ్గర దుర్గాప్రసాద్ సార్ వచ్చి నిలబడ్డారు. పిల్లలు రోజూ పారేస్తున్న తిండి చూసి ఆయనకు చిర్రెత్తుకొచ్చింది. సుస్మిత ప్లేటులో ఉత్త పులుసు పడటం చూశారు.

"ఏమ్మా, ఆ పిల్లకు ముక్కలెందుకు వెయ్యట్లేదు?"

"తినదండి సారూ. వేస్తే పారబోస్తది."

"ఇలా గారం చేసే వీళ్ళని పాడుచేస్తున్నారు. వెయ్యమ్మా, వెయ్యి. సుస్మితా, ప్లేటు ఖాళీ చేశాకే లేవాలి. నేనిక్కడే ఉంటాను."

నాంచారమ్మ సుస్మిత వంక ఒకసారి చూసింది. మూడు ముక్కలు వేసింది. ఉన్నవాటిలో చిన్నవి ఏరి వేసింది, పాపం.

సుస్మిత వెళ్ళి వరసలో కూర్చుంది. పక్కన చక్రి. వాళ్ళిల్లూ వీళ్ళిల్లూ ఒకటే వీధి. అందుకని వాడికి ఇంట్లో పెట్టిన పేరు కూడా తెలుసు.

"తినవే, వంకల మహారాణీ! సార్ చూస్తున్నారు," అన్నాడు కిసుక్కున నవ్వి.

సుస్మిత ఒక ముక్క నోటిదాకా తీసుకెళ్ళింది. నోరు తెరుచుకోలేదు. దించేసింది. అప్పుడు ముక్క పక్కన నల్లగా ఏదో కనిపించింది. తాలింపులో మాడి, పులుసులో నాని లావైన జీలకర్ర గింజ. అది జీలకర్ర అని సుస్మితకు తెలుసు. ఈ ఒక్కటీ గుర్తుపెట్టుకోండి, ఆ పిల్లకు తెలుసు.

"సార్! పురుగుందండీ," అంది.

ఇంకేముంది! "పురుగంట! పురుగంట!" అని చక్రి లేచి నిలబడ్డాడు. ఒకరి వెనక ఒకరు పిల్లలంతా ప్లేట్లు కింద పెట్టేశారు. ఒకటో తరగతి పిల్ల ఏడుపు మొదలెట్టింది. దుర్గాప్రసాద్ సార్ పరుగున వచ్చారు. ముందు ఫోన్ తీసి ఫోటో కొట్టారు. వంగి చూడటం ఆ తర్వాత.

నాంచారమ్మ గరిటతోనే వచ్చింది. ఆ గింజను వేళ్ళ మధ్య తీసుకుని నలిపి, వాసన చూసింది.

"జీలకర్ర సారూ ఇది! మంట ఎక్కువై మాడింది, అంతే. మీరే చూడండి."

"ఛీ, నా మొహమ్మీద పెడతావేంటమ్మా," అని సార్ తల తిప్పుకున్నారు.

నాంచారమ్మకు రోషం వచ్చింది. గింజను నోట్లో వేసుకుని పరపరా నమిలేసింది. "పురుగైతే నమిలేదాన్నా?" అంది. అప్పుడామె సుస్మిత ముందు గొంతుక్కూర్చుంది.

"నువ్వు చెప్పు తల్లీ. నువ్వే గదా చూసింది. జీలకర్రే గదా?"

అవునంటే సరిపోయేది. కానీ అవునంటే మూడు ముక్కలూ తినాలి. సార్ తిడతారు, చక్రి నవ్వుతాడు, ఊరంతా అబద్ధాలకోరు అంటుంది. ఇవన్నీ ఆ పిల్ల బుర్రలో గిర్రున తిరిగాయి.

"పురుగే," అంది ప్లేటులోకి చూస్తూ. "కాళ్ళు కూడా ఉన్నాయి."

నాంచారమ్మ లేచి వెళ్ళిపోయింది. సాంబారంతా కాలవలో పారబోశారు. ఆ పూట అందరూ ఉప్పు కలుపుకున్న అన్నంలోకి గుడ్డు నంజుకుని తిన్నారు. సుస్మితకు సొరకాయ తప్పింది.

సాయంత్రానికి సార్ తీసిన ఫోటో తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులోకి వచ్చేసింది. పసుపు పచ్చటి పులుసులో నల్లటి చుక్క. దానికి కాళ్ళున్నాయని ఒకరు రాశారు. మీసాలు కూడా కనిపిస్తున్నాయని ఇంకొకరు రాశారు. రామతులసి కూతుర్ని దగ్గరికి తీసుకుని, "నా తల్లే! పురుగు తినబోయావా?" అని తల నిమిరింది. ఎప్పుడూ వంకలని తిట్టే అమ్మ ఆ రోజు అడగకుండానే పెరుగన్నం పెట్టింది. సుస్మిత రెండు ముద్దలు తిని లేచిపోయింది.

మూడో రోజున విజయవాడ నుంచి ఇద్దరు ఆఫీసర్లు కారులో వచ్చారు. పురుగు ఏదని అడిగారు.

"వంటామె నమిలి మింగేసిందండీ," అన్నారెవరో.

"అంటే సాక్ష్యం లేకుండా చేసిందన్నమాట," అని ఆఫీసర్ రాసుకున్నారు.

సుస్మిత కిటికీలోంచి అంతా విన్నది. తనను పిలిచి అడుగుతారేమోనని భయపడింది. అడిగితే బాగుండునని కూడా అనుకుంది. ఎవరూ పిలవలేదు.

సోమవారం నుంచి నాంచారమ్మ రాలేదు. కొత్తగా డయానా అనే ఆమె వచ్చింది. మంచామే, నవ్వుతూ వడ్డిస్తుంది. కానీ ఎవరికి ఎక్కిళ్ళొస్తాయో ఆమెకింకా తెలియదు.

సుస్మితకు రాత్రుళ్ళు సరిగా నిద్ర పట్టలేదు. గురువారం ధైర్యం చేసి హెడ్ మిస్ట్రెస్ పద్మశ్రీ టీచర్ గదిలోకి వెళ్ళింది.

"టీచర్, అది పురుగు కాదండీ. జీలకర్ర. నాకు ముందే తెలుసు."

టీచర్ చేతిలో పెన్ను కింద పెట్టేశారు.

"ఇప్పుడా చెప్పేది?" అన్నారు. "ఆయమ్మను తీసేసిన కాగితాలు వెళ్ళిపోయాయి. కొత్తావిడను వేసేశారు. పైవాళ్ళకి మళ్ళీ రాస్తాను, కానీ వింటారని నాకు నమ్మకం లేదు." తర్వాత గొంతు తగ్గించారు. "ఈ సంగతి బయట ఎవరితోనూ అనకు. స్కూలు పరువు పోతుంది."

పెద్దవాళ్ళు ఇలా కూడా అంటారా అని సుస్మితకు ఆశ్చర్యం వేసింది. అంటారు మరి.

ఆ సాయంత్రం బడి వదిలాక కాలవ వంతెన దగ్గర నాంచారమ్మ కనిపించింది. ముందు కత్తిపీట, పక్కన బేసిన్లో చేపలు. ఒక పెద్దాయన చేపను ముక్కు దగ్గర పెట్టుకుని అటూ ఇటూ తిప్పి, మళ్ళీ బేసిన్లో పడేసి వెళ్ళిపోయాడు. సుస్మిత వెళ్ళి ఎదురుగా నిలబడింది.

"ఆయమ్మా, అది జీలకర్రే."

"నాకు తెలవదా? నేనేసిన తాలింపది," అంది నాంచారమ్మ. చేప పొలుసు తీస్తున్న చెయ్యి ఆగలేదు.

"నాకు సొరకాయ పడదు. అందుకని..."

"అదీ తెలుసు. మూడేళ్ళు ముక్కలు నెట్టి పోసిందెవరనుకున్నావ్?"

సుస్మిత కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాంచారమ్మ అప్పుడు తలెత్తింది.

"సారు బలవంతం చేశాడు. నీకు కష్టమే, కాదనను. తినలేనని ఏడ్చినా నేను నీ పక్కన నిలబడేదాన్ని. పురుగన్నావ్, పోనీ, భయపడి అన్నావనుకున్నా. నీ ముందు కూచ్చోని తల్లీ అని అడిగా గదే! కాళ్ళున్నాయన్నావ్. అంత మాట ఎట్టా వచ్చింది నీ నోటికి?"

సుస్మిత మోచేత్తో కళ్ళు తుడుచుకుంది.

"హెడ్ మిస్ట్రెస్ టీచర్‌కి చెప్పేశాను ఆయమ్మా. నువ్వు మళ్ళీ వస్తావా?"

"ఎట్టా వస్తానే? పురుగులు కలిపి వండే మనిషని ఊరంతా అంటంటే? నా చేతి చేపను కూడా వాసన చూసి పోతన్నారు, చూశావుగా." నాంచారమ్మ మళ్ళీ కత్తిపీట వైపు వంగింది. "ఇంటికి పో. మీ అమ్మ చూస్తా ఉంటది."

పోనీలే అంటుందేమోనని సుస్మిత ఇంకాసేపు నిలబడింది. నాంచారమ్మ ఆ మాట అనలేదు.

తర్వాతి వారం మళ్ళీ సొరకాయ సాంబారు వచ్చింది. దుర్గాప్రసాద్ సార్ మళ్ళీ వడ్డన దగ్గర నిలబడ్డారు. డయానా గరిట ముంచింది.

"నాకు సొరకాయ పడదండీ. ముక్కలొద్దు, పులుసు చాలు," అంది సుస్మిత. ఆ మాట అందరికీ వినబడింది.

"మళ్ళీ మొదలెట్టావా వంకలు?" అన్నారు సార్.

"వంక కాదు సార్. తినలేను. వేస్తే పారబోయాలి. తిట్టాలంటే తిట్టండి."

సార్ మొహం ఎర్రబడింది. ఏదో అనబోయారు. ఇంతలో వరసలోంచి చక్రి కేక పెట్టాడు.

"సార్! పురుగు! నా దాంట్లో పురుగు!"

పిల్లలు ప్లేట్లు కింద పెట్టేస్తున్నారు. డయానా మొహంలో నెత్తురు చుక్క లేదు. సార్ చెయ్యి జేబులోకి వెళ్ళి ఫోన్‌తో బయటికొచ్చింది.

సుస్మిత తన ప్లేటు నేల మీద పెట్టి, చక్రి దగ్గరికి నడిచింది. వాడి సాంబారులోంచి ఆ నల్లటి గింజను తీసింది. వేళ్ళ మధ్య నలిపి, వాసన చూసింది. నోట్లో వేసుకుని నమిలింది. మాడిన గింజ, చేదుగా ఉంది. మింగేసింది.

"జీలకర్ర," అంది.

తర్వాత అరవై రెండు మందికీ వినబడేలా గొంతు పెంచింది.

"ఆ రోజు కూడా జీలకర్రే. కాళ్ళు లేవు. సొరకాయ తినాల్సొస్తుందని నేనే అబద్ధం చెప్పాను. నాంచారమ్మ ఆయమ్మ ఏ తప్పూ చెయ్యలేదు."

చక్రి కూడా నవ్వలేదు. దుర్గాప్రసాద్ సార్ చేతిలో ఫోన్ అలాగే ఉండిపోయింది.

సుస్మిత ఆయన ముందుకెళ్ళి నిటారుగా నిలబడింది. కళ్ళు తుడుచుకోలేదు.

"నా ఫోటో తియ్యండి సార్," అంది. "ఇది కూడా గ్రూపులో పెట్టండి."