గుట్ట మీద బలపం

1978 జనవరి. పొగమంచుకు వరంగల్ నుంచి రావలసిన మొదటి బస్సు రాలేదు. మా బడి చప్రాసీ రాయమల్లు ఇక ఆగలేకపోయాడు. రెండో తరగతి చదివే అతని కూతురు సమ్మమ్మ నాలుగు రోజులుగా జ్వరంతో, దగ్గుతో మంచం పట్టింది. పిల్లను తల్లి దగ్గర వదిలి, ముందురోజు సాయంత్రం అతనూ నేనూ గుట్టకు ఇవతలి ఊరి దవాఖానకు వచ్చాం. పొద్దున్నే కాంపౌండరు గులాబీరంగు మందు కలిపి ఇచ్చాడు. సీసాకు అంటించిన కాగితం పట్టీకి ఆరు గాట్లు, అంటే ఆరు మోతాదులు. గుట్ట ఎక్కి దిగితే గంటన్నరలో మా ఊరని నడక మొదలుపెట్టాం.

"సారూ, ఈ మంచు ఎప్పుడు పోతదో మీ సైన్సు పుస్తకంల రాయలేదా?" అన్నాడు.

"రాసిన్రు. పొద్దెక్కితే పోతదట."

పొద్దెక్కింది. మంచు పోలేదు. చెయ్యి చాపితే వేళ్లు కనబడటం లేదు. తడిగడ్డి వాసన, మా చెప్పుల చప్పుడు, అంతే.

గుట్ట నెత్తిన రాళ్లకుప్ప ఉంది. దాటేవాళ్లు తలా ఒక రాయి వేయాలి. వేశాక వెనక్కి చూడకూడదు. రాయమల్లు వేశాడు. దెయ్యాలు లేవని పాఠం చెప్పే నేనూ వేశాను.

అరగంట దిగాం. దిగుతున్నామనే అనుకున్నాం. ఎదురుగా మళ్లీ అదే కుప్ప. పైన మా రెండు రాళ్లు. వాటి పక్కన ఒక బలపం ముక్క... కొన కొరికి ఉంది.

ఆ పంటిగాట్లు నాకు తెలుసు. బలపం నమలొద్దని ఆ పిల్లను రోజూ కోప్పడేవాణ్ని.

"సారూ... ఇది మా బిడ్డది," గుసగుసగా అన్నాడు.

వెనుక మంచులో దగ్గు. చిన్నపిల్ల దగ్గు.

"సమ్మీ..." తిరగబోయాడు. మణికట్టు గట్టిగా పట్టుకున్నాను.

"చూడకు. నడువు."

"మందు కోసం వచ్చింది సారూ... ఒక్క గుటుక..."

"ఇంటికాడ తాపుదువు. నడువు!"

ఈడ్చుకొచ్చాను. దగ్గు చాలాదూరం మా వెంటే వచ్చింది... తర్వాత ఆగిపోయింది.

ఇంటి ముందు ఆడవాళ్లు గుమిగూడి ఉన్నారు. భర్తను చూడగానే మొగిలమ్మ గుండెలు బాదుకుంది. "కోడి కూయకముందే పోయిందయ్యో! నాయిన మందు తెస్తాండా, తెస్తాండా అని అడుక్కుంటనే పోయింది!"

రాయమల్లు సంచిలోంచి సీసా తీశాడు. బిరడా మీద కాంపౌండరు కట్టిన దారం ముడి ముడిలాగే ఉంది. మందు మాత్రం మొదటి గాటు దాకా దిగి ఉంది.

నేను పిల్ల ముఖం మీది బట్ట తొలగించాను.

పెదవులు గులాబీరంగులో ఉన్నాయి... ఇంకా తడిగానే.